ఉమ్ సిద్ర టేషన్

మెయిన్ లైన్ కాడ నిలవెట్టి
ముదీర్ చెయ్యెత్తి చూపిండు:
ఈడికెల్లి ఆ కొసదాంక నలభై ఒక్క కిలోమీటరు,
పట్టాలన్నీ కోసి లారీలకెక్కియ్యాలె.
ఆ కొసకు ఏమున్నదని అడిగితె
"ఏం లేదు, ఒక టేషన్" అన్నడు.

ఐదుగురం.
నేను, మెట్‌పల్లి రాజలింగు, నేపాల్ తిల్ బహదూర్,
పెషావర్ అన్నదమ్ములిద్దరు.
గ్యాసు సిలిండర్లు, నీళ్ల ట్యాంకు, ఒక గుడారం.
రోజుకు రెండువందల మీటర్లు కోస్తె పెద్ద పని.
కొన్నికాడ ఇసుక తిన్నె పట్టా మీదెక్కి పండుకున్నది.
పారతోని తోడుకుంట పోతె
చిగుర్లల్ల పండ్లోలె మేకులు బయటవడేటియి.

పాత దుంగలే పొయ్యిల వెట్టినం.
అన్నమంత తారు వాసన.
"రైలును తింటున్నం రా" అన్నడు రాజలింగు
ముక్కు మూసుకొని.

నూరు దినాలు దాటినంక ఒక పొద్దుగాల
డొక్కు పికప్ వచ్చి ఆగింది.
గావా ఫ్లాస్కుతోని ముసలాయన దిగిండు.
పేరు దఖీలుల్లా. ఉమ్ సిద్ర టేషన్ మాష్టర్‌నన్నడు.
మూసి ఇరవై రెండేండ్లాయె,
నేనుంటి అనలే, ఉన్న అన్నడు.

అటెన్క రోజూ వచ్చేటోడు.
ఆయన అరబ్బీ, నా వచ్చీరాని అరబ్బీ,
నడుమ రెండు జతల చేతులు.

మొదలు నీళ్ల బండి వచ్చిందట, మూడు ట్యాంకులు.
కూత వినంగనే మనుషులకంటె ముందు
ఒంటెలు మెడలెత్తేటియట.
తర్వాత సరుకు బండి. కర్జూరం పోయేది, గోధుమపిండి వచ్చేది.
ఆస్పత్రికి పోతున్న ఒకామె గార్డు డబ్బాలనే కన్నదట.
ఆ పిలగాన్ని ఊరంత సిక్కా అని పిలిచింది,
సిక్కా అంటే పట్టా.
"మీరు కోసినయి మోసుకపొయ్యే లారీలు ఆయనయే"
అని చెప్పి గావా పోసిండు.

తారురోడ్డు పడ్డది.
ఆ యాడాది టికెట్లు సగమైనయి, మర్సటేడు సగంల సగం.
ఆఖరు నెలల తెగినయి మూడు.
"మూడూ నేనే కొన్న."
ఎటు పోయినవని అడిగిన.
"ఎటు పోలే. టికెట్లు తెగుతుంటె
బండి ఉంచుతరనుకున్న."

ఇంకొకనాడు రుమాల్ల కట్టుకొచ్చిండు,
ముడుతలు వడ్డ పండ్లు. సిద్ర అంటే ఈ చెట్టేనట.
నోట్లేసుకోంగనే నాలుక గుర్తువట్టింది, రేగువండు!
మాకాడ ఇవి పుల్లగుంటయని చెప్దామంటే
పులుపుకు అరబ్బీ మాట దొరకలే.
మొఖం ముడిచి చూపిన.
కడుపు పట్టుకొని నవ్విండు.

చలిల మొదలువెట్టిన పని
వడగాడ్పుల కొసకొచ్చింది.
రెండువందల ఏడో దినం
పసుపురాతి గోడ కనవడ్డది, రెండర్రలు,
అక్షరాలు రాలిన బోర్డు.
ప్లాట్‌ఫారం మీద దఖీలుల్లా,
అంత ఎండల నల్లకోటు తొడుక్కొని.
చేతుల పచ్చజెండా, ఉప్పు రంగుకు తిరిగింది.
మమ్ముల జూసి
ఏలాడే పట్టాముక్కను సుత్తెతోని మూడుసార్లు కొట్టిండు.

పెషావర్ చిన్నోడు ఫక్కుమన్నడు.
తిల్ బహదూర్ హెల్మెట్ తీసి చంకల వెట్టుకున్నడు.

లోపట రిజిస్టరు తెరిచిండు.
బండి నంబరు? లేదన్న.
డబ్బాలెన్ని? ఐదుగురమన్న.
ఐదు అని రాసిండు.
బయలెల్లిన తారీకు, చేరిన తారీకు.
ఆలస్యమన్న గడి కాడ
పెన్ను శానసేపు ఆగింది.
అరబ్బీల సున్నా అంటే ఒక చుక్క.
ఆ చుక్క వెట్టి కాయిదం మీద ఇసుక ఊదిండు.

మాపటికి ప్లాట్‌ఫారం ముందటి పట్టా గూడ కోసినం.
పికప్‌ల కూసోని చూసిండు,
ఇంజను బందువెట్టకుంట.

గంట కొట్టిన ముక్క తూకానికి రాలే.
పద్దెనిమిది కిలోలుంటది.
ముదీర్ అడిగితె ఇసుకల కలిసిందని చెప్పాలె.
రాజలింగు చెప్తడు.
వానికి అరబ్బీ నాకంటె మంచిగొస్తది.